కాలిఫోర్నియా నిద్ర లేచేదాకా

ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ఉత్సాహం తగ్గకుండా ఉండాలంటే ఏం చేయాలో చెప్పే సలహాలు వాట్సాప్‌లో ఏడాదికి రెండుసార్లైనా చుట్టు తిరిగి వస్తుంటాయి. పొద్దున్నే స్నానం చేయండి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోండి, మంచం మీద కాకుండా బల్ల ముందు కూర్చోండి, బల్ల మీద ఓ చిన్న మొక్క పెట్టుకోండి. మొక్క పెట్టుకుంటే పోయేదేమీ లేదు. కానీ భీమవరంలోనో కరీంనగర్‌లోనో కూర్చుని కాలిఫోర్నియాలోని శాన్ హోసే టీముతో పని చేసే మనిషికి మధ్యాహ్నం మూడింటికి చేతులు ఆడకపోవడానికీ చొక్కాకీ సంబంధం లేదు. పొద్దున పదింటికి అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు. జవాబు చెప్పాల్సిన మనిషికి అప్పుడు రాత్రి రెండున్నర.

దూరపు టైమ్ జోన్లతో పని చేసేవాళ్ల నీరసాన్ని మనం క్రమశిక్షణ లోపం అనుకుంటున్నాం. వాళ్లు కూడా అలాగే అనుకుని తమను తాము తిట్టుకుంటున్నారు. నాకు మాత్రం అది జవాబుల సమస్యగా కనబడుతుంది. హార్వర్డ్‌లో తెరెసా అమబిలే బృందం 7 కంపెనీల్లో 238 మంది చేత రోజూ డైరీ రాయించి, దాదాపు 12,000 రాతలు చదివింది. పని మీద మనసు బాగా నిలిచిన రోజుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనబడింది ఆ రోజు పని ముందుకు జరగడం, అది కొంచెమే అయినా సరే. దీన్ని తిరగేస్తే మన సంగతి. పని ముందుకు జరగాలంటే ఇంకొకరు నిద్ర లేవాలి. అలాంటి రోజులు వారానికి మూడు వస్తే ఎంత శ్రద్ధ ఉన్నవాడైనా నాలుగో రోజు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు.

అరగంటల లెక్క

కాలిఫోర్నియాకూ మనకూ వేసవిలో 12 గంటల 30 నిమిషాలు తేడా, చలికాలంలో 13 గంటల 30 నిమిషాలు. (ఆ అరగంట మన పుణ్యమే. 82.5 డిగ్రీల రేఖాంశాన్ని పట్టుకుని 1906లో మన దేశ కాలం కట్టారు. ఆ గీత కాకినాడ దగ్గరగానే పోతుంది.) వేసవి లెక్క సులువు. వాళ్ల ఉదయాన్ని రాత్రి అనుకుని అరగంట కలపాలి. వాళ్ల పొద్దున ఎనిమిది మన రాత్రి ఎనిమిదిన్నర. మన తొమ్మిది నుంచి ఆరు దాకా ఉన్న పగలంతా వాళ్లకు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర నుంచి తెల్లవారుజామున ఐదున్నర దాకా. ఆఫీసు వేళలు ఒక్క నిమిషం కూడా కలవవు. న్యూజెర్సీ అయితే వాళ్ల తొమ్మిది మన సాయంత్రం ఆరున్నర కాబట్టి కాస్త నయం. లండన్‌తో పని చేసేవాళ్లు ఇది చదవనక్కర్లేదు.

రోజు లెక్క కంటే వారం లెక్క దారుణం. శుక్రవారం పొద్దున పదకొండింటికి ఒక ప్రశ్న అడిగితే జవాబు శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర తర్వాత వస్తుంది. మీరు చూసేది సోమవారం. జవాబులో చిన్న మెలిక ఉంది, మళ్లీ అడిగారు. అక్కడ అప్పటికి ఆదివారం రాత్రి. ఆ రెండో జవాబు మీ చేతికి వచ్చేది మంగళవారం పొద్దున. ఎదురుగా ఉంటే రెండు నిమిషాల్లో తేలే విషయానికి శుక్రవారం, సోమవారం రెండు పనిదినాలూ పోయాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు, అటువైపు మనిషి చూసిన వెంటనే జవాబిచ్చాడు కూడా.

ఒక ‘హాయ్’కి పట్టే కాలం

ఇక మనం చేతులారా పోగొట్టుకునేది చూద్దాం. పొద్దున పదకొండింటికి చాట్‌లో ‘హాయ్, గుడ్ మార్నింగ్’ అని పెట్టి ఆగుతాం. మర్యాద అనుకుంటాం. రాత్రి పదింటికి అటునుంచి ‘హాయ్, చెప్పండి’ అని వస్తుంది. అప్పటికి మనం భోజనం చేసి టీవీ ముందున్నాం. మర్నాడు ప్రశ్న అడుగుతాం, ఆ రాత్రికి జవాబు వస్తుంది. పలకరింపుకే ఒక రోజు.

మెసేజ్‌లో నాలుగు సంగతులు ఒకేసారి ఉండాలి. ఏం చేయబోతే ఎక్కడ ఆగింది, ఎర్రర్ మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, స్క్రీన్‌షాట్ మాత్రమే కాకుండా అటువాళ్లు కాపీ చేసుకోగలిగేలా. ఇప్పటిదాకా ఏమేం ప్రయత్నించారు. మీకు తోచిన దారులు రెండు, వాటిలో మీ మొగ్గు ఎటు. నాలుగోది అందరూ వదిలేసేది, నా దృష్టిలో అదే ప్రాణం: జవాబు రాకపోతే మీరేం చేస్తారు. ‘మీ నుంచి వేరే మాట రాకపోతే రేపు మా ఉదయం పదింటికి, అంటే మీ రాత్రి తొమ్మిదిన్నరకి, మొదటి దారిలో వెళ్లిపోతాను. అది నచ్చకపోతే వెనక్కి తీయడానికి అరగంట పని.’ ఈ రెండు వాక్యాలతో అటువాళ్ల మౌనం కూడా జవాబుగా మారిపోతుంది.

ఇది అన్నిచోట్లా చెల్లదు. లైవ్ డేటాబేస్‌లో పట్టికలు తీసేయడం, కస్టమర్‌కు మెయిల్ వెళ్లడం, డబ్బు కదలడం, ఇలాంటి వాటిలో మౌనాన్ని అంగీకారంగా తీసుకుంటే ఉద్యోగానికే ఎసరు. వెనక్కి తీయగలిగిన పనులకే ఈ పద్ధతి. కానీ రోజూ మనల్ని ఆపే ప్రశ్నల్లో చాలావరకు వెనక్కి తీయగలిగినవే: కాలమ్‌కు ఏ పేరు పెట్టాలి, కోడును పరీక్షించే పాత టెస్టును ఉంచాలా తీసేయాలా, రిపోర్టులో సున్నా చూపించాలా ఖాళీ వదలాలా.

ఆలస్యం చంపుతుందా, అనుమానమా

ఇక్కడ నా వాదనకే ఒక అడ్డంకి ఉంది. జవాబు ఆలస్యమే ఉత్సాహాన్ని చంపేస్తుందంటే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ అనే కోడు పని ఈపాటికి ఎప్పుడో ఆగిపోవాలి. 1991 నుంచి ప్రపంచం నలుమూలల వాళ్లూ ఈమెయిల్ మీదే దాన్ని రాస్తున్నారు. కొత్తగా ప్యాచ్, అంటే కోడులో మార్పు, పంపేవాళ్లకు అక్కడి సూచనలు ముందే చెబుతాయి: అభిప్రాయాలు రావడానికి మామూలుగా రెండు మూడు వారాలు పట్టొచ్చు, మళ్లీ పంపేముందు, గుర్తు చేసేముందు కనీసం ఒక వారం ఆగండి. మన టీముల్లో ఒక్క రోజు ఆలస్యానికే నీరుగారిపోతుంటే అక్కడ వారాల ఆలస్యాన్ని ఓర్చుకుని ఏళ్ల తరబడి పని చేస్తున్నారు.

తేడా ఎక్కడుందో చూడటానికి కెర్నల్ దాకా కూడా వెళ్లనక్కర్లేదు. కొడుకో కూతురో డల్లాస్‌లో ఉన్న తల్లిదండ్రులు మన ఊళ్లలో ఇంటికొకరు. ఆదివారం పొద్దున ఏడున్నరకి, అంటే అక్కడ శనివారం రాత్రి తొమ్మిదికి, ఫోన్ వస్తుందని తెలిసిన తల్లి సోమవారం నుంచి శనివారం దాకా నిశ్చింతగా తన పని తను చేసుకుంటుంది. ఎప్పుడు చేస్తారో తెలియని ఇంట్లో మాత్రం ఫోన్ మోగిన ప్రతిసారీ పరుగే. రెండు ఇళ్లలోనూ వారానికి ఒక్క ఫోనే.

కాబట్టి నా మాటను సరిచేసుకుంటాను. మనసు విరిగేది ఆలస్యం వల్ల కంటే ఎంత ఆలస్యమో తెలియకపోవడం వల్ల. రివ్యూకు, అంటే అటువాళ్లు చూసి సరే అనడానికి, పెట్టిన కోడు ఈ రాత్రి చూస్తారో గురువారం చూస్తారో తెలియదు. తెలియనప్పుడు మనిషి దాన్ని పక్కన పెట్టలేడు, గంటకోసారి తెరిచి చూస్తాడు. టీము లీడ్ చేయగలిగిన మొదటి మేలు ఒక గడువు చెప్పడం: ‘రివ్యూకు వచ్చినదాన్ని మా ఒక పనిదినంలోపు చూస్తాం, చూడలేకపోతే ఎప్పుడు చూస్తామో రాస్తాం.’ రెండో సగం ముఖ్యం. ‘బుధవారం దాకా కుదరదు’ అన్న ఒక్క ముక్క మీకు రెండు రోజుల్ని తిరిగి ఇస్తుంది.

అంగారకుడి మీద డ్యూటీ

ఈ పనిని మనకంటే కష్టమైన చోట చేసేవాళ్లున్నారు. క్యూరియాసిటీ రోవర్ 2012 ఆగస్టులో అంగారకుడి మీద దిగినప్పుడు, దాన్ని నడిపే నాసా బృందం మొదటి 90 రోజులూ అంగారక కాలం ప్రకారం డ్యూటీ చేసింది. అక్కడి రోజు 24 గంటల 39 నిమిషాల పైచిలుకు. అంటే డ్యూటీ రోజుకు 40 నిమిషాల చొప్పున ఆలస్యంగా మొదలవుతూ పోతుంది. ఇవాళ పొద్దున ఎనిమిదికి మొదలైతే పద్దెనిమిది రోజులకు రాత్రి ఎనిమిదికి మొదలవుతుంది. లోకంలో ఇంతకంటే ఉత్సాహంగా పనికి వెళ్లేవాళ్లు దొరకరు. అలాంటివాళ్లకే ఆ కాలాన్ని మొదటి మూడు నెలలకే పరిమితం చేసి, తర్వాత మామూలు పగటి వేళలకు తెచ్చారు. రాత్రిళ్లు మేలుకోవడానికి పని మీద ఇష్టముంటే చాలనేవాళ్లకు నేను చూపించేది ఈ ఉదాహరణే.

అంతకంటే పనికొచ్చేది వాళ్లు పగటి వేళలకు మారాక చేసింది. రోవర్‌ను జాయ్‌స్టిక్‌తో నడపరు. సిగ్నల్ వెళ్లడానికే దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ఒక రోజుకు సరిపడా ఆదేశాలన్నీ ఒకేసారి పంపి, ఫలితం వచ్చాక తర్వాతి రోజు పని వేస్తారు. రెండు గ్రహాల గడియారాలూ కుదరక నిన్నటి ఫలితం సమయానికి అందని రోజులుంటాయి. ఆ రోజుల్లో రోవర్ ఎక్కడ ఆగిందో కచ్చితంగా తెలియకపోయినా చేయగల పనులు ఇస్తారు: ఆకాశాన్ని ఫోటో తీయడం, గాలిలో దుమ్ము కొలవడం. పని ఆగలేదు, పని రకం మారింది.

మన బల్ల మీద కూడా ఎప్పుడూ రెండు పనులుండాలి. ఒకటి అటువాళ్ల జవాబుతో ముడిపడినది, రెండోది ఎవరినీ అడగక్కర్లేనిది. రెండోది ఏదైనా కావచ్చు. పదే పదే విరిగే టెస్టును సరిచేయడం, కొత్తగా చేరినవాళ్లు తడబడే సెటప్ పేజీని తిరగరాయడం, నెమ్మదిగా నడిచే డేటాబేస్ క్వెరీని పట్టుకోవడం. రెండు చాలు, ఐదు వద్దు. సగంలో వదిలిన పనులు ఐదైతే పొద్దున ఏది ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకోవడానికే గంట పడుతుంది, పైగా ఒక్కటీ పూర్తయిన తృప్తి ఉండదు. రెండో పనిని సోమవారమే లీడ్‌కు చెప్పి ఉంచుకోవాలి. లేకపోతే శుక్రవారం ‘ఇది నిన్నెవరు చేయమన్నారు’ అన్న మాట పడాల్సి వస్తుంది.

పొద్దున్నే చాట్ ఎందుకు

లాప్‌టాప్ తెరవగానే రాత్రి వచ్చిన నలభై మెసేజ్‌లు కనిపిస్తాయి. అన్నిటికీ జవాబులు రాసేసరికి పదకొండున్నర. బుర్ర బాగా పనిచేసే రెండు గంటలు అక్కడే హరీ. కాస్త ఆలోచిస్తే ఇది వింత అలవాటు. ఆ మెసేజ్‌లు పంపినవాళ్లలో ఎక్కువమంది నిద్రపోతున్నారు. పదింటికి రాసిన జవాబైనా సాయంత్రం ఆరింటికి రాసిన జవాబైనా వాళ్లు చూసేది వాళ్ల పొద్దుటే.

అందుకని పొద్దున ఇరవై నిమిషాలు చదవడానికే. మీ పనిని కదిలించే జవాబులేమైనా వచ్చాయేమో చూసి పక్కన పెట్టేయడం. రాతలన్నీ సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర మధ్య. అప్పటికి రోజంతా చేసిన పని చేతిలో ఉంటుంది కాబట్టి జవాబులూ గట్టిగా ఉంటాయి. ఆ గంటలోనే చివరి పది నిమిషాలు ఆ రోజు అప్పగింత: ఏది పూర్తయింది, ఏది ఆగింది, ఎవరి నుంచి ఏం కావాలి. అటువైపు పొద్దున కాఫీ తాగుతూ మొదట చూసేది అదే అవుతుంది.

దీనికి ఒక మినహాయింపు. పిల్లల్ని పడుకోబెట్టి రాత్రి తొమ్మిదికి మళ్లీ లాప్‌టాప్ తెరిచేవాళ్లు అక్కడ చాలామందే. కాలిఫోర్నియాలో ఆ గంటన్నర మనకు వేసవిలో ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండు. ఆ వేళలో అడిగితే అప్పుడప్పుడు ఆశ్చర్యంగా వెంటనే జవాబు వస్తుంది. వస్తే సంతోషం. దాన్ని హక్కుగా తీసుకుంటే మనం ఫిర్యాదు చేసే పనినే వాళ్లకు చేసినట్టు.

నవంబరు మొదటి ఆదివారం

అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిరుగుతాయి. యూరప్‌లో మార్చి, అక్టోబరు చివరి ఆదివారాలు. మూడు ఖండాల టీమైతే మార్చిలో రెండు మూడు వారాలూ, శరదృతువులో ఒక వారమూ ఎవరో ఒకరు మీటింగ్‌కు గంట తేడాతో వస్తారు. ఫీనిక్స్ లాంటి అరిజోనా ఊళ్లలో గడియారం కదలదు, మనకూ వాళ్లకూ ఏడాది పొడవునా 12 గంటల 30 నిమిషాలే.

చాలామంది గమనించనిది ఇంకొకటుంది. క్యాలెండర్‌లో మళ్లీ మళ్లీ వచ్చే మీటింగ్ ఏ టైమ్ జోన్‌లో కట్టారో ఆ జోన్‌వాళ్లకే స్థిరంగా ఉంటుంది. శాన్ హోసేలో ఎవరో పొద్దున ఎనిమిదికి పెట్టిన కాల్ వేసవిలో మనకు రాత్రి ఎనిమిదిన్నర, నవంబరు నుంచి తొమ్మిదిన్నర. అదే కాల్‌ను మన రాత్రి ఎనిమిదిన్నరకు మన జోన్‌లో కడితే, నవంబరులో పొద్దున ఏడింటికి లేచి కూర్చునేది వాళ్లు. గొడవ పెట్టుకోమని కాదు, ఈ గంట ఎవరు భరించాలో ఏటా ఒకసారి మాట్లాడుకోవాలి. సగం కాల్స్ వాళ్ల సాయంత్రం ఏడింటికి జరిపితే మనకు వేసవిలో ఉదయం ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. టీలు తాగి కూర్చోవచ్చు.

రాత్రి పదిన్నరకు మొదలై పదకొండున్నరకు ముగిసే కాల్ తర్వాత మనిషి వెంటనే నిద్రపోడు. బుర్ర చల్లబడేసరికి పన్నెండున్నర దాటుతుంది. మేలుకోవడానికని రాత్రి ఎనిమిదింటికి తాగిన కాఫీలో కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే ఆరింటికల్లా లేవాలి. మర్నాడు పదింటికి ‘పని చేయబుద్ధి కావడం లేదు’ అనిపిస్తే అది సోమరితనం కాదు, ఐదు గంటల నిద్ర. రాత్రి కాల్స్ వారానికి రెండు, ఒక్కోటి గంటన్నర మించకుండా ఒప్పించుకోగలిగితే చాలా గొడవ తీరుతుంది. ఆ మర్నాడు పదకొండున్నరకు మొదలుపెడతానని క్యాలెండర్‌లోనే కనబడాలి. నోటితో చెప్పినది ఎవరికీ గుర్తుండదు.

ఇంకో సంగతి కాస్త మొహమాటంగానే చెప్పాలి. అటువైపు లీడ్ మనవాడే అయితే ఒక్కోసారి ఇబ్బంది ఎక్కువ. రాత్రి పదకొండున్నరకు డల్లాస్ నుంచి ఫోన్: “ఏం తమ్ముడూ, పడుకున్నావా? ఒక్క నిమిషం.” అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. “లేదన్నా, చెప్పండి” అంటాడు ఇతను, దుప్పట్లోంచే. క్లయింటు తెల్లవాడైతే ఆ వేళకు చేయడు, చేయాలంటే నాలుగుసార్లు క్షమించమంటాడు. అన్నా తమ్ముడూ అన్న చనువు దగ్గరికి చేరేసరికి హద్దులు చెరిగిపోతాయి. దీనికి ఘాటైన జవాబులు పని చేయవు. ‘అన్నా, పదిన్నర తర్వాత ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. అర్జెంటైతే రెండుసార్లు వరసగా చేయండి, మోగుతుంది’ అని పగటిపూట, మామూలుగా మాట్లాడుకుంటున్నప్పుడు చెప్పి పెట్టుకోవాలి. ఉత్త సైలెంట్‌లో కాదు, ఫోన్‌లోని ‘డు నాట్ డిస్టర్బ్’లో ఆ సెట్టింగ్ నిజంగానే ఉంది. రెండోసారి చేయాల్సి వచ్చేసరికి అది అర్జెంటా కాదా అని అటువైపు మనిషి తనే తేల్చుకుంటాడు.

కరెంటు మాట కూడా ఒక్క ముక్క. అటువాళ్లతో కాల్‌లో కలిసే అరగంటలో నెట్ పోతే పోయేది అరగంట కాదు, ఒక రోజు. ఫైబర్ పెట్టె, రౌటర్ రెండూ కలిపి తీసుకునేది మామూలుగా ఇరవై వాట్లలోపే. వాటికని దొరికే చిన్న డీసీ యూపీఎస్ వాటిని గంటల తరబడి నడుపుతుంది. కొనేముందు అడాప్టర్ మీద 12 వోల్టులని ఉందో 9 అని ఉందో చూసుకోవాలి. ఫోన్‌లో రెండో సిమ్ వేరే కంపెనీది పెట్టుకోవాలి.

చూసేవాళ్లు లేని పని

ఇంత చేసినా తీరనిది ఒకటుంది. మన పనంతా వాళ్లు నిద్రపోతుండగా జరుగుతుంది. పొద్దున లేచేసరికి అయిపోయి ఉంటుంది. తెల్లారేసరికి వాకిట్లో ముగ్గున్నట్టు, ఎవరు వేశారో ఎవరూ అడగరు. రాత్రి కాల్‌లో గట్టిగా నాలుగు మాటలు మాట్లాడినవాడు మాత్రం అప్రైజల్ నాటికి గుర్తుంటాడు. రాత్రి కాల్స్ తగ్గించుకోమని చెప్పే నాలాంటివాళ్ల మీద ఇది న్యాయమైన అభ్యంతరం. శుక్రవారం సాయంత్రం ఆరింటికి వారం పని ఐదు వరసల్లో రాసి పంపడం కొంతవరకు విరుగుడు. అది వాళ్ల శుక్రవారం పొద్దున మెయిల్‌లో పైనుంటుంది, ‘ఎన్ని గంటలు’ అని కాకుండా ‘ఏది ఇప్పుడు పనిచేస్తోంది, ముందు పనిచేసేది కాదు’ అని రాస్తే గుర్తుంటుంది. కానీ ముఖాముఖి పరిచయానికి సాటి రాదు, రాదని ఒప్పుకోవాలి.

ఆఫీసుకు వెళ్తే సరిపోతుందనేవాళ్లది సగమే నిజం. గచ్చిబౌలి వెళ్లి కూర్చున్నా మేనేజరు శాన్ హోసేలోనే ఉంటాడు, జవాబు రాత్రే వస్తుంది. కాకపోతే పక్క సీట్లో మన గడియారం మీదే బతికే మనిషి ఉంటాడు, ‘ఇదిగో చూడు, అయింది’ అనడానికి. ఆ మనిషి ఇంటి దగ్గరా ఉండొచ్చు. ఇండియాలోనే ఉన్న సహోద్యోగి ఒకరితో రోజూ సాయంత్రం ఐదింటికి ఇరవై నిమిషాలు, స్క్రీన్ పంచుకుని ఆ రోజు చేసింది ఒకరికొకరు చూపించుకోవడం. మేనేజర్లు వద్దు, స్టేటస్ వద్దు. ఐదింటికి ఎవరో చూస్తారంటే మూడింటికి చేతులు వాటంతటవే కదులుతాయి.

నాకు జవాబు దొరకనిది కొత్తగా కాలేజీ నుంచి వచ్చిన పిల్లల సంగతి. పైన చెప్పినవన్నీ పని వచ్చినవాళ్లకు. ఏది వెనక్కి తీయగలిగినదో, ఏది కాదో తెలియడానికే రెండేళ్ల అనుభవం కావాలి. ‘జవాబు రాకపోతే మొదటి దారిలో వెళ్తాను’ అని రాయడానికి దారులు రెండైనా కనబడాలి. ఇంట్లో ఒంటరిగా, పన్నెండున్నర గంటల అవతల ఉన్న టీములో మొదటి ఉద్యోగం అంటే, తెలియక ఆగిపోయిన రోజులన్నిటినీ తన చేతకానితనంగా లెక్కేసుకునే ప్రమాదం ఉంది. అలాంటి ఆఫరు చేతిలో ఉన్నవాళ్లు జీతం, జాయినింగ్ తేదీ మాట్లాడుకున్నాక హెచ్‌ఆర్‌ను ఇంకో ప్రశ్న అడగాలి: నా పగటిపూట నా కోడు చూసేదెవరు? పేరు చెప్పగలిగితే ఆ మనిషితో చేరకముందే పదిహేను నిమిషాలు మాట్లాడించమనాలి.